మిక్త్లాన్ దొర మన యముడు కాడు

ప్రశ్న

అయ్యా, నమస్కారం. నాకు 31 ఏళ్లు. మాది రాజమహేంద్రవరం. ఆరేళ్లుగా అమెరికాలో, టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న మార్చిలో నాన్న గుండెపోటుతో పోయారు. నేను ఇల్లు చేరేసరికి మూడో రోజు. తమ్ముడి చేతుల మీదుగా దహనం అయిపోయింది. పన్నెండో రోజు దాటగానే సెలవు అయిపోయి తిరిగి వచ్చేశాను. అప్పటి నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. రాత్రిళ్లు ఫోనులో చావు గురించి ఏదో ఒకటి చదువుతూ ఉంటాను. అలా ఒక రాత్రి మెక్సికో పాతాళ దేవుడు మిక్త్లాన్‌తెకుత్లి గురించి చదివాను. ఆయన పాపపుణ్యాలు అడగడట. మామూలుగా పోయిన వాళ్లంతా నాలుగేళ్లు నడిచి ఆయన దగ్గరకే చేరతారట. అది చదివి చాలాసేపు ఏడ్చాను. నాన్న పోయాక ఏడుపు రావడం అదే మొదటిసారి.

ఆయన బొమ్మ తెప్పించి పూజ అలమారలో పెట్టుకోవాలని ఉంది. ఇంటర్నెట్‌లో ఒక గురువు 400 డాలర్లకు ఆయన దీక్ష ఇస్తారట, పోయిన వాళ్లతో మాట్లాడిస్తారట. అమ్మకు చెబితే ‘‘యముడి బొమ్మను ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా!’’ అని ఫోను పెట్టేసింది. నా పక్క సీటు అమ్మాయిది మెక్సికోలోని హిదాల్గో రాష్ట్రం, వాస్తెకా ప్రాంతం. వాళ్ల అమ్మమ్మ నావాట్ల్ భాష మాట్లాడతారు. నవంబరులో వాళ్ల ఇంట్లో పెద్దల పండుగకు రమ్మని, నాన్న ఫొటో కూడా తీసుకురమ్మని పిలిచింది. నేను సంబరపడి ఈ దేవుడి గురించి అడిగితే చిన్నగా నవ్వి మాట మార్చేసింది. నేనేమైనా తప్పుగా అడిగానా? ఆయన్ని పూజించవచ్చా? పరాయి వాళ్ల దేవుణ్ని తెచ్చుకోవడం దొంగతనం కిందకు వస్తుందా? వెర్రి ప్రశ్న అనుకోకపోతే ఇంకొకటి: నాన్న ఇప్పుడు అక్కడే ఉన్నారంటారా?

సమాధానం

అమ్మా, ముందు ఆ 400 డాలర్లు కట్టకండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

దీక్ష అనేది ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందేది. ఇచ్చేవాడు తనకు ఎవరిచ్చారో చెప్పగలగాలి. మిక్త్లాన్‌తెకుత్లిని కొలిచిన అర్చకుల వరస 16వ శతాబ్దంలోనే తెగిపోయింది. 1521లో మెషీకాల (అజ్టెక్‌ల) రాజధాని తెనోచ్‌తిత్లాన్ స్పెయిన్ సైన్యానికీ, దానితో చేతులు కలిపిన చుట్టుపక్కల రాజ్యాలకూ లొంగిపోయింది. గుళ్లు కూల్చి, ఆ రాళ్లతోనే చర్చిలు, మేడలు కట్టారు. 1539 నవంబరు 30న తెష్కోకో అనే పక్క రాజ్యం దొర డాన్ కార్లోస్‌ను, జనాన్ని పాత దారికి తిప్పుతున్నాడన్న నేరం మోపి, మెక్సికో నగరంలో అందరూ చూస్తుండగా దహనం చేశారు. అటువంటి ఏళ్లు దాటి ఈ దేవుడి గుడిలోని మంత్రమూ తంత్రమూ తు.చ. తప్పకుండా బతికి బట్టకట్టి, చివరికి ఒక వెబ్‌సైట్‌లో కార్డు చెల్లింపుకు దొరుకుతున్నాయంటే నేను నమ్మను. పోయిన వాళ్లతో మాట్లాడిస్తానన్న మాట మరీ దుర్మార్గం. నిద్రపట్టని కూతురి దగ్గర డబ్బు గుంజడానికి దానికంటే సులువైన మాట ఇంకొకటి లేదు.

ఆయన గురించి మనకు తెలిసిన దానిలో చాలా భాగం ఒక పెద్ద గ్రంథం నుంచి వచ్చింది. బెర్నార్దినో దె సాహాగూన్ అనే, ఫ్రాన్సిస్కన్ క్యాథలిక్ సంఘం సన్యాసి పేరు మీద చలామణీ అయ్యే 12 భాగాల గ్రంథం అది. ఒక వరసలో నావాట్ల్, పక్కన స్పానిష్, మధ్యమధ్య బొమ్మలు. 1577 ప్రాంతంలో పూర్తయింది, ఇప్పుడు ఇటలీలోని ఫ్లోరెన్స్ గ్రంథాలయంలో ఉంది. పేరు సాహాగూన్‌దే అయినా పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగిందీ, నావాట్ల్‌లో రాసిందీ అంతోనియో వలెరియానో, మార్తీన్ హాకోబీతా వంటి నావా (నావాట్ల్ మాట్లాడే జాతి) పండితులు. మన దగ్గర కావలి సోదరులు కంపెనీ అధికారి మెకంజీ కోసం ఊళ్లు తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించిన తీరు గుర్తు చేసుకోండి. తేడా ఒకటి ఉంది. సాహాగూన్ ఆ మతాన్ని నిర్మూలించడానికే దాన్ని తెలుసుకోవాలనుకున్నాడు. రోగం తెలియకుండా వైద్యుడు మందు ఇవ్వలేడని ముందుమాటలో పోలిక కూడా తెచ్చాడు. రాసినవాళ్లు నావాలు, రాయించినవాడు వాళ్ల తాతల దేవుళ్లను సైతాన్లు అన్నవాడు. మీరు ఫోనులో చదివిన దానిలో చాలా భాగం ఈ రెండు చేతులూ దాటి వచ్చిందే.

అయినా ఆ పేజీల్లో ఎంత నిండుగా ఉందో చూడండి. మూడో భాగం చివర ఈ ప్రయాణం ఉంది. పోయిన మనిషికి కాగితాలు ఇచ్చేవారు. ‘ఇదిగో, దీనితో ఒకదానినొకటి గుద్దుకునే రెండు కొండల మధ్య నుంచి దాటతావు’, ‘ఇదిగో, దీనితో పాము కాపలా ఉన్న దారి దాటతావు’ అని ఒక్కో మజిలీకి ఒక్కో కాగితం. ఎనిమిది ఎడారులు, ఎనిమిది కొండలు. తర్వాత నల్లని గాజురాయి కత్తుల్లా కోసే గాలి. ఆ చలికి ఆగాలని బట్టలూ సామానూ శవంతో పాటు కాల్చేవారు. చిట్టచివర నది. దాన్ని కుక్క దాటించాలి. తెల్లకుక్కను అడిగితే ‘ఇప్పుడే స్నానం చేశాను’ అంటుంది. నల్లకుక్కను అడిగితే ‘ఇప్పుడే ఒళ్లంతా నల్ల మరక చేసుకున్నాను’ అంటుంది. పసుపురంగు కుక్క ఒక్కటే యజమానిని గుర్తుపట్టి నీళ్లలోకి దూకి వీపు మీద ఎక్కించుకుంటుంది. చావు గురించిన పాఠంలో ఆ సాకులు చెప్పే రెండు కుక్కలను పెట్టిన మనిషెవరో నాకు చాలా నచ్చుతాడు. (ఆ పసుపురంగు కుక్కను మెడకు నూలుతాడు కట్టి, చంపి, యజమానితో పాటే కాల్చేవారు. అదీ అదే పేజీలో ఉంది.)

మీ అమ్మగారి మాటకు వస్తాను. ఆవిడ కోపం నాకు అర్థమైంది కానీ పోలిక సరిపోలేదు. మన యముడు ధర్మరాజు. పక్కన చిత్రగుప్తుడు, ముందు చిట్టా, చేసినదానికి తగిన చోటు. మిక్త్లాన్‌తెకుత్లి దగ్గర చిట్టా లేదు. సాహాగూన్ గ్రంథం ప్రకారం మనిషి ఎలా బతికాడన్న దాన్నిబట్టి కాదు, ఎలా పోయాడన్న దాన్నిబట్టి చోటు మారుతుంది. నీళ్లలో మునిగినవారు, పిడుగు పడి పోయినవారు వాన దేవుడు త్లాలోక్ తోటకు వెళతారు. యుద్ధంలో పడినవారు, తొలి కాన్పులో ప్రాణం వదిలిన ఆడవాళ్లు సూర్యుడి వెంట నడుస్తారు. రోగంతోనో వయసుతోనో పోయినవారు, దొరైనా కూలీ అయినా, మిక్త్లాన్‌కు వెళతారు. ఆ మాటకు అర్థం ‘పోయినవారి చోటు’ అనే. తెకుత్లి అంటే దొర. ఆయన పక్కన దొరసాని కూడా ఉంది, మిక్తెకాసివాత్ల్.

ఈ చోటును నరకం అన్నది మొదట ఫ్రాన్సిస్కన్లే. క్రైస్తవ బోధనలు నావాట్ల్‌లోకి దించేటప్పుడు ‘నరకం’ అనడానికి మాట కావాల్సి వచ్చి ‘మిక్త్లాన్’ను తీసుకున్నారు. సైతానుకు ‘త్లాకాతెకోలోత్ల్’, అంటే గుడ్లగూబ మనిషి అన్న మాటను అతికించారు. దానితో ఏమైందో ఊహించండి. నిన్నటిదాకా మా నాన్న, మా తాత వెళ్లిన చోటు అని చెప్పుకున్నవాళ్లకు మర్నాడు ఆ పేరుతోనే మంటలూ కొరడాలూ చూపించారు. మీ అమ్మగారు ప్రేమతో అన్నమాటే అయినా, ‘యముడు’ అనేయడం ఆ పనికి దగ్గరగా వస్తుంది.

అయితే మీరు రెండో వైపు జారారు. పాపం పుణ్యం అడగడు కాబట్టి మెత్తనివాడు, ఓదార్చేవాడు అనుకున్నారు. ఆయన రూపం ఒకసారి దగ్గరగా చూడండి. 1994లో మెక్సికో నగరం నడిబొడ్డున, పెద్దగుడి శిథిలాల పక్కనున్న ‘గద్దల ఇల్లు’ అనే పాత కట్టడంలో తవ్వుతుంటే రెండు మట్టి విగ్రహాలు బయటపడ్డాయి. ఒక్కొక్కటి మనిషంత, సుమారు 1.76 మీటర్ల ఎత్తు. తల నిండా రంధ్రాలు, జుట్టు గుచ్చడానికి. పక్కటెముకల కింద నుంచి కాలేయం ఒక పెద్ద పువ్వులా వేలాడుతూ ఉంటుంది. చేతులు ముందుకు చాచి, గోళ్లు విప్పి, మీద పడబోతున్నట్టు నిలబడ్డాడు. పాత బొమ్మల పుస్తకం ఒకదానిలో ఆయన విగ్రహం మీద మనుషులు గిన్నెలతో రక్తం పోస్తున్న చిత్రం ఉంది. తవ్వకంలో దొరికిన విగ్రహాల మీదా రక్తం ఆనవాళ్లు ఉన్నాయి. ఆయన గుడిలో నరబలి జరిగింది. దాన్ని దాచి, పెద్దల పండుగలోని బంతిపూలు మాత్రం చూపించేవాళ్లు ఆయన్ని గౌరవిస్తున్నట్టు కాదు, అమ్ముకుంటున్నట్టు.

ఆయన కథ కూడా ఒకటుంది. లోకంలో మనుషులు లేని కాలం. కెత్సల్‌కోవాత్ల్ దేవుడు మిక్త్లాన్‌కు దిగి, పాత మనుషుల ఎముకలు ఇవ్వమని అడిగాడు. దొర సరే అన్నాడు, షరతు పెట్టాడు: ఇదిగో నా శంఖం, ఊదుతూ నా లోకం చుట్టూ నాలుగుసార్లు తిరుగు. చూస్తే ఆ శంఖానికి రంధ్రమే లేదు. కెత్సల్‌కోవాత్ల్ పురుగులను పిలిచి తొలిపించాడు, తేనెటీగలను లోపలికి పంపి మోగించాడు. దొర ఎముకలు ఇచ్చినట్టే ఇచ్చి, తన వాళ్లతో దారిలో గొయ్యి తవ్వించాడు. కౌజుపిట్టలు బెదరగొట్టాయి, కెత్సల్‌కోవాత్ల్ గోతిలో పడ్డాడు, ఎముకలు ముక్కలయ్యాయి. ఆ ముక్కలనే ఏరుకుని పైకి తెచ్చాడు. ఒక దేవత వాటిని పచ్చరాయి గిన్నెలో నూరింది, దేవతలు తమ రక్తం చిందించారు, ఆ పిండి నుంచి మనం పుట్టాం. అంటే మిక్త్లాన్ అందరూ చివరికి చేరే చోటే కాదు, మనుషుల విత్తనాలు దాచిన గాదె కూడా. గాదెకు కాపలా ఉన్నవాడు పిసినారి. అడిగితే ఊరకే ఇవ్వడు, ఇచ్చింది వెనక్కి లాక్కుంటాడు. మిమ్మల్ని ఏడిపించి మేలు చేసిన దేవుడు ఈయనేనా, మీ నాన్నగారి మీద బెంగా అన్నది మీరే చూసుకోండి.

మీ స్నేహితురాలు ఎందుకు మాట మార్చింది? ఆమె మనసులో ఏముందో నేను చెప్పలేను కానీ మీ ప్రశ్న ఎలా వినిపించి ఉంటుందో చెప్పగలను. ఒక అమెరికన్ సహోద్యోగి భోజనాల దగ్గర మీ వైపు తిరిగి, ‘‘మీది గుంటూరుకు దగ్గరేనట కదా, అమరావతి స్తూపం దగ్గర బౌద్ధ దీక్ష ఎలా తీసుకోవాలి?’’ అంటే మీరేమంటారు? నవ్వుతారు. నావాట్ల్ మాట్లాడేవాళ్లు ఇవాళ మెక్సికోలో 16 లక్షలకు పైనే. 2020 జనాభా లెక్కల మాట అది. వాళ్లలో చాలామంది తమను క్యాథలిక్కులమనే చెప్పుకుంటారు. అదే మనిషి పొలానికి వెళ్లి మొక్కజొన్న గింజకు నైవేద్యం పెడతాడు, కొండకు దండం పెడతాడు, కాగితంతో ఆత్మల బొమ్మలు కత్తిరిస్తాడు. దాన్ని మతం అనరు, ‘కోస్తుంబ్రె’ అంటారు. ఆచారం, ఆనవాయితీ అని అర్థం. ఆమె అమ్మమ్మ ప్రపంచంలో ఆత్మలూ పెద్దలూ నిండుగా ఉండవచ్చు, మిక్త్లాన్‌తెకుత్లి అన్న పేరు మాత్రం మనవరాలి చరిత్ర పాఠంలో తప్ప ఎక్కడా లేకపోవచ్చు. రాజధాని చౌకుల్లో ఈకల కిరీటాలతో ఆడే నాట్యబృందాలు వేరు, కాలిఫోర్నియాలో మెక్సికో సంతతి వాళ్లు 1970ల నుంచి తమ గుర్తింపు కోసం నిలబెట్టుకున్న పెద్దల పీఠాలు వేరు. వాళ్లలో ఈ దేవుడి పేరు మనసారా పలికేవాళ్లున్నారు. అందరినీ ‘అజ్టెక్ మతం’ అని ఒకే సంచిలో వేయకూడదు.

ఆ నవ్వు వెనక భయం కూడా ఉండి ఉండవచ్చు. అయిదు వందల ఏళ్లుగా ‘మీ అమ్మమ్మ చేసేది మంత్రగత్తె పని’ అని విన్న ఇళ్లు అవి. పాత సంగతులే అనుకోకండి. 2020 జూన్‌లో గ్వాటెమాలాలో డొమింగో చోక్ అనే, మాయా జాతికి చెందిన మూలికా వైద్యుణ్ని, చేతబడి చేశాడని ఊరి జనమే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆయన అప్పటికి యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లతో కలిసి ఔషధ మొక్కల మీద పనిచేస్తున్నాడు. దేశం వేరు, జాతి వేరు. కానీ తమ ఆచారాన్ని కొత్తవాళ్ల ముందు ఎందుకు గుంభనంగా ఉంచుకుంటారో తెలియడానికి ఆ ఒక్క సంగతి చాలు. మనకు రాత్రిపూట ఫోనులో కుతూహలం కలిగించిన విషయం మీద ఇంకెక్కడో మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. నాకు పదిహేనేళ్లప్పుడు పోలేరమ్మ జాతరకు పట్నం నుంచి ఒకాయన కెమెరా పట్టుకుని వచ్చాడు. మంచివాడే, అమ్మవారంటే భక్తి ఉన్నవాడే. ఘటం ఎత్తుకుని పూనకంతో వస్తున్నామెకు ఎదురెళ్లి, వెలుతురు బాగుంటుందని కాస్త ఆగి ఇటు తిరగమన్నాడు. డప్పులు ఒక్క క్షణం తడబడ్డాయి. మా పెద్దమ్మ గుంపులోంచి ముందుకొచ్చి, కోపం లేకుండానే, ‘‘చూస్తే చూడు నాయనా, ఆపకు’’ అంది. ఆయన పక్కకు జరిగాడు. ఆ సాయంత్రం వాళ్లింట్లోనే భోజనం చేశాడు కూడా. నాకు ఇంతకంటే మంచి నియమం తర్వాత చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక మీ దొంగతనం ప్రశ్న. చదవడం, కదిలిపోవడం, ఏడవడం ఎవరి సొత్తునూ దోచుకున్నట్టు కాదు. పాత వస్తువు కొనడం మాత్రం నిజంగానే దొంగతనం. 1972 నాటి మెక్సికో చట్టం ప్రకారం తవ్వకాల్లో దొరికే పురావస్తువులన్నీ జాతి ఆస్తి, దేశం దాటించకూడదు. ‘అసలైన పురాతన విగ్రహం’ అని ఎవరైనా అమ్మజూపితే అది చాలావరకు నకిలీ అయినా అయి ఉంటుంది, దొంగసొత్తయినా అయి ఉంటుంది. అమరావతి శిల్పాలను లండన్‌లో టికెట్టు లేకుండానే చూడగలుగుతున్నామని సంతోషించే వాళ్లకు ఈ బాధ అర్థం కాకపోవచ్చు, మనకు అర్థమవుతుంది. పేరు మీద హక్కు చెప్పడం ఇంకో రకం దోపిడీ. 2013లో ఒక పెద్ద సినిమా సంస్థ ఆ పెద్దల పండుగ పేరునే ట్రేడ్‌మార్కు చేయించుకోబోయి, జనం తిరగబడితే దరఖాస్తు వెనక్కి తీసుకుంది. మీ 400 డాలర్ల గురువు చేస్తున్నది అదే పని, చిన్న మోతాదులో. మీరు రేపు ఆయన దగ్గర ధ్రువపత్రం తీసుకుని, ఎల్లుండి ఇంకొకరికి దీక్ష ఇస్తే మీరూ ఆ వరసలో చేరతారు. 2007లో ఐక్యరాజ్యసమితి చేసిన ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటనలో, తమ ఆధ్యాత్మిక ఆచారాలను పాటించే, నేర్పే హక్కు ఆ ప్రజలదని స్పష్టంగా ఉంది. మన దేశం దానికి అనుకూలంగానే ఓటు వేసింది.

పూజ అలమారలో పెట్టవద్దనే నా మాట. కారణం మీ అమ్మగారు చెప్పింది మాత్రం కాదు. అలమారలో పెట్టగానే పొద్దున్నే దీపం, కుంకుమ, అగరువత్తి, అరటిపండు ఆయన ముందుకు వస్తాయి. చేతులు వాటంతట అవే చేసేస్తాయి. ఆ మర్యాదలు వెంకటేశ్వర స్వామికి చేసేవి. మిక్త్లాన్ దొరకు చేసిన మర్యాదలేమిటో పైన చెప్పాను, అవి మీరు చేయలేరు, చేయకూడదు కూడా. అప్పుడు మీ అలమారలో ఉండేది మిక్త్లాన్‌తెకుత్లి ముఖం తగిలించుకున్న మన దేవుడే. మెక్సికో మ్యూజియంలో అమ్మే నమూనా బొమ్మనో, అక్కడి కుమ్మరి చేసినదాన్నో తెచ్చుకుంటే పుస్తకాల అరలో, ఆ దేశం గురించిన పుస్తకాల పక్కన పెట్టుకోండి. రాత్రి లేచినప్పుడు ఆయన్ని చూసి ఒక నిమిషం నిలబడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మనసులోకి తొంగిచూసి అక్కడ ఎవరికి దండం పెడుతున్నారని అడిగే పెత్తనం నాకూ లేదు, ఇంకెవరికీ లేదు.

నవంబరు పిలుపు అసలైన సంగతి. మీరు దాన్ని ప్రశ్న మధ్యలో ఒక వాక్యంలో చెప్పి దాటేశారు. ఒక వాస్తెకా ఇంటివాళ్లు మీ నాన్నగారి ఫొటోను తమ పెద్దల వరసలో పెట్టుకుంటామన్నారు. దీక్ష అంటూ ఏదైనా ఉంటే, ఇంతకంటే పెద్దది ఎవరు ఇవ్వగలరు? వాళ్ల ప్రాంతంలో ఆ పండుగను షాంతోలో అంటారు. పేరు ‘పునీతుల’ అన్న లాటిన్ మాట నుంచి వచ్చింది, పండుగలో సగం నావాలది. కర్రలు వంచి కమాను కట్టి ఆకులతో, బంతిపూలతో నింపుతారు. గుమ్మం నుంచి పీఠం దాకా బంతిరేకులతో దారి పోస్తారు, వచ్చేవాళ్లు దారి తప్పకుండా. కోపాల్ అనే చెట్టు జిగురు పొగ వేస్తారు, మన సాంబ్రాణికి అన్నదమ్ముడు. తమాలెలు (మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించేవి), చాక్లెట్, రొట్టె, కొవ్వొత్తులు, నీళ్లు ఉంటాయి.

వెళ్లేముందు ఏం తేవాలో ఆమెనే అడగండి. మీ నాన్నగారికి ఇష్టమైన వంటకం ఒకటి పెట్టవచ్చా అని అడగండి. సరే అంటే పనసపొట్టు కూరో, పూతరేకులో, ఆయనకు ఏదిష్టమో అది. ముఖానికి పుర్రె రంగు వేసుకుని వెళ్లకండి. ఆ వేషానికి మూలమైన, టోపీ పెట్టిన అస్థిపంజరం దొరసాని 1910 ప్రాంతంలో హోసె గ్వాదలూపె పొసాదా చెక్కిన వ్యంగ్యచిత్రం, 1947లో దియెగో రివేరా తన కుడ్యచిత్రంలో నిండు దుస్తులు తొడిగాడు. ఆమెను మిక్తెకాసివాత్ల్ అనడం ఈమధ్య ముచ్చట. మెక్సికో నగరంలో జరిగే పెద్ద ఊరేగింపు 2016లో మొదలైంది, అదీ అంతకు ముందు ఏడాది వచ్చిన ఒక గూఢచారి సినిమాలో అటువంటిది చూపించాక. ఇవేవీ తప్పులు కావు కానీ అమ్మమ్మ ఇంటికి అవి అక్కర్లేదు. ఫొటో తీయాలనిపిస్తే అడగండి. ఆవిడ జపమాల తిప్పితే కూర్చుని వినండి. మిక్త్లాన్ గురించి మాత్రం మీరుగా ఎత్తవద్దు. ఆవిడే ఎత్తితే, అప్పుడు వినడం మీ అదృష్టం.

ఆ బంతిపువ్వు చూసి ఎక్కడో పరాయి చోట ఉన్నానని అనుకోకండి. అది మెక్సికోదే. నావాట్ల్‌లో సెంపోవల్‌షోచిత్ల్, అంటే ఇరవై పువ్వు, బోలెడన్ని రేకులున్నదని. 16వ శతాబ్దం తర్వాత సముద్రం దాటి మన దగ్గరకు వచ్చి బతుకమ్మలో చేరింది, దసరా గుమ్మానికి ఎక్కింది, మీ నాన్నగారి పాడె మీద కూడా ఉండే ఉంటుంది. టమాటా అన్న మాటకూడా ఆ భాషదే. పువ్వునూ కాయనూ తీసుకున్నాం, సొంతం చేసుకున్నాం, అక్కడి వాళ్లకు ఏ లోటూ రాలేదు. వాళ్లు తమ పువ్వును ఇంకా ఆ పేరుతోనే పిలుచుకుంటున్నారు.

చివరి ప్రశ్న. వెర్రి ప్రశ్న అని నేను అనుకోను. సాహాగూన్ గ్రంథంలో పోయిన మనిషితో అనే మాటలు కొన్ని ఉన్నాయి: పొగ గూడు లేని ఇంటికి వెళ్లిపోయావు, తిరిగి రావు, మమ్మల్ని తలచుకోవు అని. తర్వాత నోట్లో పచ్చరాయి పూస పెట్టేవారు, గుండెకు బదులుగా. నీళ్ల చెంబు ఇచ్చేవారు, కాగితాలు ఇచ్చేవారు, కుక్కను తోడు ఇచ్చేవారు. ఎనభయ్యో రోజున ఒకసారి, తర్వాత ఏడాదికోసారి నాలుగేళ్లు, దారి ఖర్చులు పంపినట్టు కానుకలు కాల్చేవారు. నది దాటాక తొమ్మిదో చోట అంతా ముగిసిపోతుంది, ఇక ఏమీ మిగలదు. ఆ దారి ఆ సామానుతో వెళ్లేవాళ్ల కోసం. మీ నాన్నగారికి మీ తమ్ముడు ఇచ్చి పంపినవి వేరే: నువ్వులు, నీళ్లు, దర్భ, పిండం, గోదావరి. ఆయన్ని ఏ దారికి సిద్ధం చేశారో ఆ దారినే వెళ్లి ఉంటారని నేననుకుంటాను. మన దారిలోనూ ఏడాది నడక ఉంది, వైతరణి ఉంది. కుక్కకు బదులు ఆవు తోక. ‘నాలుగేళ్లు’ అన్న మాట దగ్గర మీకు ఏడుపు ఎందుకు వచ్చిందో నాకు తెలుసనిపిస్తోంది. మీరు ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. ఆయన ఇంకా నడుస్తూనే ఉన్నారనీ, ఇంకా సాగనంపవచ్చనీ ఆ మాట మీకు చెప్పింది. మాసికాలు పెట్టేదీ అందుకే. మీకు చెప్పాల్సిన వాళ్లు చెప్పలేదు, అంతే.

సంవత్సరీకం మార్చిలో వస్తుంది కానీ తిథి ప్రకారం తేదీ ముందుకో వెనక్కో జరుగుతుంది. ఏ రోజు పడుతుందో ఇవాళే మీ తమ్ముణ్ని అడిగి, సెలవు పెట్టండి. అమ్మకు ఫోను చేసి, ఆయన యముడు కాడట అని కూడా చెప్పండి, నవ్వుతారు. ఆ 400 డాలర్లు టికెట్టులో వేయండి. మార్చి దగ్గరపడితే ధరలు పెరుగుతాయి.